పరాయి ప్యాకేజీ మేనేజర్: సొంత రిపాజిటరీ నుంచా, కంటైనర్ నుంచా?

డెబియన్, ఫెడోరా లినక్స్‌లో రెండు వేర్వేరు రకాలు (డిస్ట్రోలు); ప్రోగ్రాములను ప్యాకేజీలుగా తెచ్చి ఎక్కించే సాధనం (ప్యాకేజీ మేనేజర్) దేనికది వేరు. డెబియన్ యంత్రం (హోస్టు) మీద ఫెడోరా ఇమేజి (నడపడానికి సిద్ధమైన ఫైళ్ల కట్ట) తయారు చేయవలసి వచ్చినప్పుడు డెబియన్ రిపాజిటరీలోనే (ప్యాకేజీల భండారంలోనే) దొరికే ఫెడోరా సాధనం డీఎన్ఎఫ్‌ను వాడాలా, లేక ఫెడోరా కంటైనర్ (యంత్రంలోనే విడిగా నడిచే చిన్న ఫెడోరా) తెచ్చి అందులోని డీఎన్ఎఫ్‌తో పని నడపాలా అని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. ఫెడోరా మీద డెబియన్ ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్ వాడేవారిదీ ఇదే సందేహం. రెండు దారులూ పనిచేస్తాయి కాబట్టి వీలును బట్టి ఎంచుకోవచ్చని చాలామంది చెబుతారు. నా దృష్టిలో మాత్రం తేల్చుకోవలసిన అంశం ఒక్కటే: ఆ సాధనం వయసుకూ, అది తెరవబోయే ప్యాకేజీల వయసుకూ మధ్య ఎంత ఎడం ఉంది?

డెబియన్ స్థిర విడుదల (స్టేబుల్) సుమారు రెండేళ్లకొకసారి వస్తుంది, ఫెడోరా సుమారు ఆరు నెలలకొకసారి వస్తుంది. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12లోని డీఎన్ఎఫ్ నాలుగో తరానిది. ఫెడోరా 2024లో 41వ విడుదలతో డీఎన్ఎఫ్5కు మారిపోయింది. ఈ ఎడం ఎంత ఇబ్బంది పెట్టగలదో ఒకే కుటుంబంలోని రెండు డిస్ట్రోల మధ్యే చూశాం. డెబియన్ ఆధారంగా తయారైన ఉబుంటు 21.10 నుంచి డెబ్ (డెబియన్ కుటుంబపు) ప్యాకేజీలను జెడ్‌స్టాండర్డ్ పద్ధతిలో కుదించడం మొదలుపెట్టింది. డెబియన్ స్టేబుల్‌లో డెబ్ ప్యాకేజీలను ఎక్కించే సాధనమైన డీపీకేజీకి వాటిని విప్పడం డెబియన్ 12 నాటికి గాని రాలేదు. డెబియన్ 11లోని డీపీకేజీ ఆ ప్యాకేజీలను తెరవలేక ఆగిపోయేది.

దిశ మారితే కథ మారుతుంది. ఫెడోరా హోస్టు మీద డెబియన్ ఇమేజి కట్టేటప్పుడు సాధనం కొత్తది, ప్యాకేజీలు పాతవి; డెబ్ రూపం నెమ్మదిగా మారుతుంది కూడా. 2020లో వచ్చిన ఫెడోరా 32కు ముందు అక్కడ ఆప్ట్ అనే పేరుతో ఉన్నది ఆర్‌పీఎం (ఫెడోరా ప్యాకేజీల రూపం, వాటిని ఎక్కించే సాధనం పేరు కూడా అదే) కోసం మలచిన వేరే సాధనం. ఆ విడుదల నుంచి అసలు ఆప్ట్ దొరుకుతోంది కాబట్టి ఇటువైపు వారు సొంత రిపాజిటరీని నిశ్చింతగా నమ్ముకోవచ్చు. ఆర్చ్ లక్ష్యమైతే మాత్రం, అది నిత్యం కదిలే డిస్ట్రో కాబట్టి, ఏ స్టేబుల్ విడుదలలోని ప్యాక్‌మ్యాన్ (ఆర్చ్ ప్యాకేజీ మేనేజర్) అయినా క్రమంగా వెనకబడక తప్పదు.

పరాయి సాధనాన్ని ప్యాకేజీ చేసే మెయింటెయినర్ మోసే బరువు కూడా చిన్నది కాదు. ఏ ప్యాకేజీలు ఎక్కాయో రాసుకునే, ఒకదాని ఉనికి ఒకదానికి తెలియని రెండు డేటాబేసులు ఒకే ఫైలు వ్యవస్థ మీద రాస్తే యంత్రం పాడవుతుంది. అందుకే డెబియన్ తన రిపాజిటరీలోని ఆర్‌పీఎం సాధనాన్ని మార్చి, నేరుగా ఇన్‌స్టాల్ చేయబోతే అడ్డుకునేలా చేసింది. చాలాకాలం పాటు దాని డేటాబేసును వాడుకరి హోమ్ డైరెక్టరీలోనే ఉంచింది. హోస్టుకు ఇది సరైన రక్షణే. కానీ వేరే రూట్‌లో (ఇమేజి కోసం విడిగా పెట్టిన ఫైళ్ల చెట్టులో) ఫెడోరా కట్టేటప్పుడు అదే మార్పు వల్ల డేటాబేసు తప్పు చోటికి చేరి, లోపలి ఆర్‌పీఎంకు ఒక్క ప్యాకేజీ కూడా లేనట్టే కనిపించేది. పైగా ఫెడోరా తన డేటాబేసు చోటును 36వ విడుదలలో మార్చింది. హోస్టు సాధనం హోస్టు అమరికలనే చదువుతుంది కనుక ఇలాంటి ప్రతి మార్పునూ ఎవరో ఒకరు గమనించి సరిదిద్దుతూ ఉండాలి.

కంటైనర్‌లో ఈ బెడద లేదు. సాధనమూ, ప్యాకేజీలూ, అమరికలూ ఒకే చోటివి. దాని బలహీనత నమ్మకం దగ్గర ఉంది: మొదటి ఇమేజిని రిజిస్ట్రీ (ఇమేజిలు దొరికే సర్వర్) మాట మీద తీసుకుంటున్నాం. సొంత రిపాజిటరీ నుంచి వచ్చే కీల ప్యాకేజీకైతే (ప్యాకేజీల సంతకాలు సరిచూసే కీలున్న ప్యాకేజీకి) మనం ముందే నమ్మిన డిస్ట్రో సంతకం ఉంటుంది.

అందువల్ల నా మొగ్గు రెండు అంచెల పద్ధతి వైపు. ఆర్‌పీఎం ప్యాకేజీలు కట్టే మాక్ అనే సాధనంలోని బూట్‌స్ట్రాప్ ఇలా నడవగలదు: హోస్టు సాధనం చిన్న రూట్‌ను మాత్రం కడుతుంది, మిగతా పనంతా అందులోకి దిగిన లక్ష్య డిస్ట్రో సొంత సాధనం చేస్తుంది. డెబియన్ రూట్‌ను కట్టే డెబూట్‌స్ట్రాప్ కూడా మొదట ప్యాకేజీలను విప్పి, రెండో దశను లోపలి డీపీకేజీకి అప్పగిస్తుంది. ఇది కుదరక రెండింటిలో ఒకటే ఎంచుకోవలసి వస్తే, వేగంగా మారే లక్ష్యానికి కంటైనర్‌నే ఎంచుకుంటాను.

ఏలియన్ అనే సాధనంతో ప్యాకేజీని ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చడం ఒంటరి ప్రోగ్రాముకు పనికొస్తుంది. కానీ డిపెండెన్సీలు (అవసరమయ్యే ఇతర ప్యాకేజీల వివరాలు) సరిగా నిలవవు, ఇన్‌స్టాల్ స్క్రిప్టులు అడిగితే తప్ప రావు. సోర్సు నుంచి కట్టుకుంటే భద్రతా సవరణల బాధ్యత మనదే.

మెయింటెయినర్లు తమ పరిమితమైన సమయాన్ని ముందుగా కీల ప్యాకేజీలకు కేటాయించాలని నా కోరిక. ఫెడోరా ప్రతి విడుదలకూ కొత్త సంతకపు కీ వాడుతుంది. స్టేబుల్‌లో గడ్డకట్టిన కీల జాబితాతో తర్వాతి విడుదల ప్యాకేజీలను సరిచూడలేక, వాడుకరులు సంతకాల తనిఖీనే ఆపేసే ప్రమాదం ఉంది.