రేణిగుంట వైపు ఆర్క్ మెల్టింగ్ ల్యాబు: బటన్లకి దండం పెట్టొచ్చు, రిపోర్టు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి

నయోబియం-టంగ్‌స్టన్ ఫేజ్ డయాగ్రామ్ (ఈ రెండు లోహాలు ఏ పాళ్ళలో, ఎంత వేడి దగ్గర ఏ రూపంలో ఉంటాయో చూపించే పటం) పని మీద ఆరు నెలల్లో నాలుగుసార్లు పోయినా ఈ ల్యాబుకి. కరెంటు ఆర్కుతో లోహాలు కరిగించి, బటన్లు అనే చిన్న బిళ్ళలు చేసిచ్చే చోటు ఇది. పేరు రాయడం లేదు, ఎందుకంటే సగం తిట్టేదే ఉండాది. 5కి 3.5 ఇస్తున్నా, ఆ 3.5లో 3 అక్కడ ఫర్నేస్ దగ్గరుండే పెద్దాయనకే.

ముందు నా పనేందో చెప్తా, లేకుంటే గొడవేందో అర్థం కాదు. నయోబియం 2477 డిగ్రీల దగ్గర కరుగుతుంది, టంగ్‌స్టన్ 3422 దగ్గర. రెండింట్లోనూ అణువుల అమరిక ఒకటే (బీసీసీ అంటారు), ఆ అమరికలో గడి కొలతలు కూడా దగ్గర దగ్గరే, ఒకటి 3.30 ఆంగ్‌స్ట్రామ్, ఇంకోటి 3.17, అందుకే ఏ పాళ్ళలో కలిపినా రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒకటే సాలిడ్ సొల్యూషన్, అంటే ఒకే ఘన మిశ్రమం అవుతాయి. డయాగ్రామ్ చూస్తే పైన లిక్విడస్ (దీని పైన అంతా ద్రవమే), సాలిడస్ (దీని కింద అంతా ఘనమే) రెండు గీతలు చేప ఆకారంలో, కింద అంతా ఒకటే ఫేజ్, అంటే ఒకే రకం పదార్థం. నాకు కావాల్సింది సాలిడస్ గీత, అది కూడా నయోబియం వైపు 10, 20, 30, 40 శాతం టంగ్‌స్టన్ దగ్గర. ఈ లోహాలు ఎవరిక్కావాలి అని మా ఇంట్లో అడుగుతారు, రాకెట్ ఇంజన్ల నాజిల్స్‌కి వాడే సీ-103 అనేది నయోబియమే, దాంట్లో బరువుకి 10 శాతం హాఫ్నియం, 1 శాతం టైటానియం. 2022లో జిల్లాలు మార్చినాక శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది కాబట్టి ఈ జవాబు ఇంట్లో బాగానే పనిచేస్తా ఉండాది.

ఇక కరిగించేది. పెద్దాయన పని నిజంగా చూడాల్సిందే. ఛాంబర్‌ని వ్యాక్యూమ్ చేసి ఆర్గాన్ నింపి, మళ్ళీ వ్యాక్యూమ్, మళ్ళీ ఆర్గాన్, ఇట్ల మూడుసార్లు చేసినాక కూడా నా శాంపిల్ ముట్టుకోలేదు, ముందు పక్క గుంతలో పెట్టిన టైటానియం ముక్కని కరిగించినాడు. లోపల మిగిలిన ఆక్సిజన్ అంతా అది తాగేస్తుంది, లేకుంటే నయోబియం తాగి పెళుసైపోతుంది. "ఆ టైటానియం తెల్లగా మెరిస్తేనే నీది మొదలుపెడతానమ్మా" అన్నాడు. మొదటిరోజు అది నీలంగా తేలింది, ఓ-రింగ్ ఎక్కడో లీకు, ఆ రోజు పని ఆపేసి నన్ను ఇంటికి పంపించేసినాడు. ఇంకెవరైనా అయితే కానిచ్చేసేవాళ్ళు.

టంగ్‌స్టన్‌తో ఇంకో తలనొప్పేందంటే దాని సాంద్రత 19.3, నయోబియంది 8.57, కరిగిన నయోబియంలో టంగ్‌స్టన్ ముక్క పాయసంలో జీడిపప్పు మాదిరి అడుక్కి పోయి కూర్చుంటుంది, కింద రాగి పళ్ళెం నీళ్ళతో చల్లబడతా ఉంటుంది కాబట్టి అడుగున కరగకుండా అట్లే ఉండిపోతుంది. అందుకని బటన్‌ని తిప్పి తిప్పి ఆరుసార్లు కరిగించినాడు, ప్రతిసారీ అడుగు పైకి వచ్చేట్టు. కరిగించక ముందు, తర్వాత బరువు తూచి రాసిచ్చినాడు, ఎక్కడా అర శాతం కూడా పోలేదు. ఒక చిట్కా, ఎండాకాలంలో అయితే పొద్దున్నే పోండి, మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకి మన తిరుపతిలో ట్యాంకు నీళ్ళే వేన్నీళ్ళు, నీళ్ళు చల్లబరిచే చిల్లర్ మొరాయిస్తుంది.

తిట్లు ఇక్కడ్నించి. మొదటి బ్యాచ్‌లో నేను 20 అటామిక్ శాతం (అంటే అణువుల లెక్కన శాతం) టంగ్‌స్టన్ అని రాసిస్తే ఫ్రంట్ ఆఫీసు వాళ్ళు బరువు శాతం అనుకుని తూచేసినారు. 20 అటామిక్ శాతం అంటే బరువులో 33 శాతం దాకా వస్తుంది. వాళ్ళు తూచిన దాన్ని తిప్పి లెక్కేస్తే 11 అటామిక్ శాతం చిల్లర. ఫోన్ చేస్తే "శాతం శాతమే కదా మేడమ్" అన్నారు. సరే, తప్పు ఒప్పుకుని ఫ్రీగా మళ్ళీ చేసిచ్చినారు, దానికి పేరు పెట్టను.

అసలు గొడవ రిపోర్టు దగ్గర. హోమోజినైజేషన్ (వేడిలో పెట్టి లోపలంతా సమంగా కలిసేట్టు చేయడం) చేసివ్వండి అని అడిగినా, క్వార్ట్జ్ ట్యూబులో సీల్ చేసి 1100 డిగ్రీల దగ్గర 24 గంటలు పెట్టి ఇచ్చినారు. స్టీలుకో, నికెల్ అల్లాయ్‌కో అయితే సరిపోతుందేమో గానీ నయోబియం-టంగ్‌స్టన్‌కి 1100 అంటే చలికాలమే, రోజంతా పెట్టినా అణువులు ఒక మైక్రాన్ కూడా జరగవు. క్వార్ట్జ్ ట్యూబేమో అంతకంటే ఇంకో వంద, నూటయాభై పెంచితే మెత్తబడేదానికి రెడీగా ఉంటుంది. అంటే ఆ 24 గంటలూ కరెంటు బిల్లే తప్ప ఏమీ జరగలేదు. దాన్ని పాలిష్ చేసి ఎస్‌ఈఎం అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి, తెల్లగా కొమ్మలు, మధ్యలో బూడిద రంగు కనపడేసరికి "టూ ఫేజ్ మైక్రోస్ట్రక్చర్" అని రాసేసి, డయాగ్రామ్ మధ్యలో ఒక టూ ఫేజ్ రీజియన్ గీసి, కలర్లేసి, స్పైరల్ బైండింగ్ చేసి ఇచ్చినారు. చూడ్డానికి ఎంత బాగుందో. చూసి నాకు కడుపు మండింది.

అది రెండు ఫేజులు కాదప్పా, కోరింగ్. చల్లబడేటప్పుడు ముందు గట్టిపడేది టంగ్‌స్టన్ ఎక్కువున్న భాగం, బరువు అణువులు కాబట్టి ఎస్‌ఈఎంలో తెల్లగా కనపడుతుంది, చివర్లో మిగిలిన నయోబియం ఎక్కువున్న ద్రవం మధ్యల్లో గట్టిపడుతుంది. పులిహోర సరిగ్గా కలపకపోతే ఒకచోట పులుపు, ఇంకోచోట చప్పిడి తగుల్తుంది, అంతమాత్రాన అవి రెండు వంటలా?

ఇది తేల్చేదానికి ఈపీఎంఏ లైన్ స్కాన్ (ఒక గీత వెంబడి ఎక్కడెక్కడ ఏ లోహం ఎంతుందో కొలిచేది) ఒక్కటి చాలు, వాళ్ళు చేసిన స్కాన్ వాళ్ళ రిపోర్టు వెనకాల పేజీల్లోనే ఉండాది. నిజంగా రెండు ఫేజులుంటే టంగ్‌స్టన్ శాతం మెట్టు మాదిరి ఠక్కున మారాలి, ఇక్కడ మాత్రం కొండ ఎక్కి దిగినట్టు నింపాదిగా పెరిగి తగ్గుతా ఉండాది. ఇంకోటి, ఒక టెంపరేచర్ దగ్గర రెండు ఫేజులు కలిసుంటే వాటి కంపోజిషన్లు ఫిక్స్, 20 శాతం బటన్‌లో అయినా 30 శాతం బటన్‌లో అయినా తెల్లదాంట్లో ఒకటే అంకె రావాలి, మారాల్సింది ఏది ఎంతుందనేదే, లీవర్ రూల్ అంటే అదే కదా. వీళ్ళ టేబుల్‌లో తెల్లదాని అంకె బటన్ బటన్‌కీ మారిపోతా ఉండాది. అదే పేజీలో కింద టై లైన్ (కలిసుండే రెండు ఫేజుల కంపోజిషన్లని కలిపే గీత) గీసినారు!

ఓనర్ని కలిసి ఇదంతా కాయితం మీద గీసి చూపించినా. మనిషి మంచోడే, వాదించలేదు, "మాకొచ్చేవన్నీ ఫ్యాక్టరీ శాంపిల్స్ మేడమ్, పాస్ ఫెయిల్ చెప్తే చాలు వాళ్ళకి" అన్నాడు. రెండోసారి నేనే బయట ఇంకో ఊర్లో 2000 డిగ్రీల వ్యాక్యూమ్ ఫర్నేస్ వెతుక్కుని చేయించుకున్నా. అక్కడ మొదట అడిగింది హీటర్ గ్రాఫైటా, టంగ్‌స్టనా అని, గ్రాఫైట్ అయితే కార్బన్ ఎక్కి నయోబియం కార్బైడ్ తయారైతే ఇంకో కొత్త ఫేజు కనిపెట్టినట్టు అవుతుంది మన బతుకు. వంద గంటలు పెట్టినాక 10, 20 శాతం బటన్లలో కొమ్మలు మాయం. 40 శాతందాంట్లో ఇంకా లేతగా కనపడతా ఉండాయి, టంగ్‌స్టన్ పెరిగేకొద్దీ డిఫ్యూజన్ (అణువులు జరగడం) నత్తనడకే.

కరిగే టెంపరేచర్ కొలిచేదానికి మళ్ళీ పెద్దాయన దగ్గరికే వచ్చినా. 1923 నాటి పిరానీ, ఆల్టర్‌థుమ్ పద్ధతి. బటన్ నుంచి వైర్‌కట్‌లో సన్న కడ్డీ కోసి, నడిమిన చిన్న రంధ్రం పెట్టి, రెండు కొసలకీ కరెంటిచ్చి, ఆ రంధ్రం మీదికి పైరోమీటర్ (వెలుగుని బట్టి వేడి కొలిచే పరికరం) గురిపెట్టి చూడాలి. లోతైన రంధ్రం బ్లాక్ బాడీ (వేడిని బట్టి మాత్రమే వెలిగే వస్తువు) మాదిరి పనిచేస్తుంది కాబట్టి ఎమిసివిటీ, అంటే ఏ లోహం ఎంత బాగా వెలుగు విడుస్తుందనే లెక్కల గోల తగ్గుతుంది. నన్నూ చూడమన్నాడు. కడ్డీ అంతా కళ్ళు చెదిరే తెలుపు, రంధ్రం దానికంటే ఇంకా తెల్లటి చుక్క, చూస్తా చూస్తా ఉండగానే ఆ చుక్క ఉన్నట్టుండి మసకేసి పక్కదాంట్లో కలిసిపోయింది. "నీళ్ళొచ్చేసినాయమ్మా, రాసుకో" అన్నాడు. మొదటి చుక్క ద్రవం వచ్చి రంధ్రం నింపిందంటే అదే సాలిడస్. ముందు ప్యూర్ నయోబియం పెట్టి చూస్తే 2465 చూపించింది, 12 డిగ్రీలు తక్కువ, ఆ తేడా దృష్టిలో పెట్టుకునే మిగతావన్నీ సరిచేసుకున్నా. లిక్విడస్ మాత్రం ఇట్ల రాదు, అంతలోపే కడ్డీ తెగిపోతుంది.

ఒకే 20 శాతం కంపోజిషన్‌లో 1100 దగ్గర పెట్టిన కడ్డీకీ, 2000 దగ్గర పెట్టిన కడ్డీకీ 60 డిగ్రీల దాకా తేడా వచ్చింది. కలవని దాంట్లో నయోబియం ఎక్కువున్న మధ్య భాగం ముందే కరిగిపోతుంది మరి. ఆ స్పైరల్ బైండింగ్ రిపోర్టు నమ్మి థీసిస్‌లో పెట్టుంటే ఎట్లుండేదో వైవాలో!

బటన్‌కి 2500 తీసుకున్నారు, కరిగించేదానికి అది న్యాయమే. రిపోర్టుకి వేరే డబ్బులు, అది వద్దనండి, రా డేటా ఫైల్సు పెన్‌డ్రైవ్‌లో అడిగి తెచ్చుకోండి. రాసిచ్చేటప్పుడు అటామిక్ శాతం అని పెద్దక్షరాలతో రాసి, పక్కన గ్రాములు కూడా మీరే లెక్కేసి ఇవ్వండి. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు దాకా గేటు తాళం, ఫోన్ ఎత్తరు. మిగిలిన ముక్కలు కూడా అదేరోజు అడిగి తీసుకోండి, నా 30 శాతం బటన్ సగం ఇంకా పెద్దాయన టేబుల్ మీద పేపర్లు ఎగిరిపోకుండా బరువుగా పనిచేస్తా ఉండాది.