ఇకాలూయిట్ – పాంగ్‌నిర్టంగ్ విమాన ప్రయాణం: యాప్ చెప్పే దూరం, అసలు పట్టే సమయం

కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్‌లో 25 జనావాసాలున్నాయి. వాటిలో ఒకదాని నుంచి మరొకదానికి రోడ్డు మీద వెళ్లే వీలు లేదు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా రాజధాని ఇకాలూయిట్‌కూ పాంగ్‌నిర్టంగ్‌కూ మధ్య తిరుగుతున్నాను. బయలుదేరే ముందు దూరం లెక్కగట్టే యాప్ చూడడం అలవాటైంది కనుక, ఆ అంకెలు ఎంతవరకు పనికొస్తాయో రాస్తున్నాను.

దూరం విషయంలో యాప్‌ను నిశ్చింతగా నమ్మవచ్చు. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలను తీసుకొని, భూమి వంపును లెక్కలో పెట్టి కొలిస్తే సుమారు 298 కిలోమీటర్లు వస్తుంది. గుండ్రని భూమిని చదునుగా పరిచి చూపే మెర్కేటర్ పద్ధతిలో గీసిన పటం మీద మాత్రం స్కేలు పెట్టి కొలవకూడదు. 65 డిగ్రీల అక్షాంశం దగ్గర అది దూరాలను రెండింతలకు పైగా సాగదీసి చూపుతుంది.

ఇబ్బందంతా సమయంతోనే. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందన్న లెక్కన యాప్ 22 నిమిషాలు చూపిస్తుంది. ఈ దారిలో నేను ఎక్కింది ఏటీఆర్ 42. రెండు ప్రొపెల్లర్ల విమానం, వేగం గంటకు 500 కిలోమీటర్లకు అటూ ఇటూ. ముందు భాగంలో వలల కింద బిగించిన సరకు పెట్టెలు, వెనుక తలుపు నుంచి ఎక్కే మనం వెనుక సీట్లలో. పైకి లేవడం, దిగడం కలుపుకొని దాదాపు గంట పడుతుంది. హాల్ ద్వీపకల్పం దాటి, కంబర్లాండ్ సౌండ్ అనే సముద్రపు పాయ మీదుగా సాగే ఆ గంటలో, ఆకాశం తేటగా ఉంటే, కిటికీ నుంచి కళ్లు తిప్పుకోలేము.

ఆ గంట కూడా వాతావరణం అనుకూలించిన రోజు మాటే. ఇకాలూయిట్ రన్‌వే సుమారు 8,600 అడుగుల పొడవున్న తారు దారి కాగా, పాంగ్‌నిర్టంగ్‌ది 3,000 అడుగుల లోపు కంకర దారి, అదీ ఊరి నడిబొడ్డున. ఇరువైపులా నిటారు కొండలున్న సన్నని ఫియార్డ్‌లోకి, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలోకి, విమానం దిగాలి. ఆ కొండల నడుమ గాలి ఉన్నట్టుండి ఉధృతమవుతుంది. ఆర్కిటిక్ వృత్తానికి 45 కిలోమీటర్ల దిగువనే ఉన్న ఊరు కాబట్టి డిసెంబరులో పగటి వెలుగు చాలా కొద్దిసేపే ఉంటుంది. ఊరు కనిపించేంత దగ్గరకు వెళ్లి కూడా, గాలి సర్దుకోక ఇకాలూయిట్‌కే తిరిగి వచ్చిన ప్రయాణం నాకు అనుభవమే. ఆ నిర్ణయం తీసుకున్న పైలట్ల మీద నాకు గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు.

నాకది ఉద్యోగంలో ఒక రోజు ఆలస్యం మాత్రమే. పాంగ్‌నిర్టంగ్‌లో ఉన్నది నర్సులు నడిపే ఆరోగ్య కేంద్రం. ఆసుపత్రి కావాలంటే, కాన్పు కోసమైనా సరే, ఇకాలూయిట్‌కు ఎగరాల్సిందే. అందుకే ప్రయాణ సమయాన్ని 22 నిమిషాలని చూపించడం నాకు చిన్న పొరపాటుగా అనిపించదు. ఏ రకం విమానం తిరుగుతుందో చూసి లెక్కగట్టే వెసులుబాటు యాప్‌లో ఉండి తీరాలి.

కొత్తగా వెళ్లేవారు దూరానికి యాప్‌నూ, సమయానికి విమాన సంస్థ టైంటేబుల్‌నూ చూసుకోండి. తిరుగు ప్రయాణంలో ఇకాలూయిట్ నుంచి ఒట్టావాకు జెట్‌లో మూడు గంటలు పడుతుంది. ఆ టికెట్‌ను అదే రోజుకు కాక మరుసటి రోజుకు తీసుకోండి. మందులూ, ఒక జత వెచ్చని బట్టలూ చేతిసంచిలోనే ఉంచుకోండి.