బంకమట్టి పెరడు: ఇసుకా, గెత్తమా, జీలుగా... ఏది మేలు?

తొలకరి పడగానే పెరడు ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. "మాది బంకమట్టండి, ఇసుక కలపాలా, గెత్తం (పశువుల ఎరువు) వేయాలా?" విశాఖలో కొండవాలున ఇళ్లున్నవాళ్లకు ఈ బాధ తక్కువ. అక్కడ ఎర్రనేల, నీరు దిగిపోతుంది. పెందుర్తి వైపు ఒకప్పటి వరిమడుల్లో వేసిన లేఅవుట్లలోనూ, పల్లపు కాలనీల్లోనూ ఉన్నవాళ్లకే అసలు తిప్పలు. పైగా పునాది తవ్వినప్పుడు అడుగునుంచి వచ్చిన మట్టినే పెరట్లో పరిచేస్తారు. వానకు కాళ్లకు అంటుకుపోతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది.

ముందు ఇసుక సంగతి తేల్చేద్దాం. ఇసుక పనిచేయాలంటే మట్టిలో దాదాపు సగం అదే ఉండాలి. ఒక సెంటు, అంటే 48 గజాల జాగాలో ఆరంగుళాల లోతుకు లెక్క వేసినా నాలుగైదు టన్నుల ఇసుక కావాలి. నాలుగు బస్తాలు తెచ్చి కలిపితే బంకరేణువులు ఇసుక చుట్టూ పట్టేసి, ఎండాక మట్టి ముందుకన్నా గట్టిపడుతుంది. సముద్రం ఇసుక ఊసే వద్దు. అందులో ఉప్పు ఉంటుంది, తీరంలో ఇసుక తవ్వడం నిషేధం కూడా.

గెత్తం అలా కాదు. బాగా మాగిన పశువుల గెత్తం బంకరేణువులను చిన్న చిన్న పలుకులుగా కట్టిస్తుంది. దాన్ని తిని పెరిగే సూక్ష్మజీవులు, వానపాములు విడిచే జిగురే ఆ పలుకులను పట్టి ఉంచుతుంది. పలుకుల మధ్య సందుల్లోంచి గాలి ఆడుతుంది, నీరు దిగుతుంది. రెండంగుళాల మందాన పరిచి ఆరంగుళాల లోతుకు కలిపితే మొదటి ఏడాదే తేడా తెలుస్తుంది. కాకపోతే సెంటుకు టన్ను పైనే పడుతుంది, మన ఎండలకు ఏడాదికల్లా చాలా భాగం హరించుకుపోతుంది. ఏటా వేయాల్సిందే. మాగని పేడ తెస్తే చెదలు, కొమ్ము పురుగు పిల్లలు, గడ్డి విత్తనాలు వెంట వస్తాయి. పిడికెడు తీసి వాసన చూడండి. పేడ కంపు కొట్టకుండా తడిమట్టి వాసన వస్తే మాగినట్టే.

అయితే గెత్తం ఒక్కటే చాలా అంటే, నేను చాలదనే అంటాను. పెరట్లో మన పార దిగేది ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. దాని కింద ఉన్నది అదే గట్టి బంక. పైన ఎంత గుల్ల చేసినా అడుగు గట్టిగా ఉంటే అది తొట్టి అయిపోతుంది. గుంట తీసి మంచి మట్టి నింపి వంగనారు పెట్టే పద్ధతిలోనూ ఇదే జరుగుతుంది. చుట్టుపక్కల నీరంతా ఆ గుంటలోకే చేరి వేరు కుళ్లిపోతుంది. మనకు జూన్ నుంచి నవంబరు దాకా వానలే. అక్టోబరులో వాయుగుండం పడితే మొక్కను బతికించేది పై మట్టి ఒక్కటే కాదు, దాని కిందికి నీటికి దారి ఉందా లేదా అన్నదే. అందుకే నా ఓటు జీలుగకు.

రైతులు పచ్చిరొట్టగా, అంటే పచ్చగా ఉండగానే కోసి మట్టిలో కలిపే ఎరువుగా వేసే జీలుగ మొక్క నీరు నిలిచినా తట్టుకుంటుంది. అలాగే పచ్చిరొట్టగా వేసే జనుముకు ఆ ఓర్పు లేదు, నీరు నిలిస్తే చచ్చిపోతుంది. జీలుగ తల్లివేరు పార అందని లోతుకు దిగుతుంది. కోసేశాక ఆ వేరు కుళ్లి, దాని దారి నీటికి కాలువలా మిగులుతుంది. వేరు బుడిపెల వల్ల నత్రజని కూడా లాభం. తొలివానకు సెంటుకు 150 నుంచి 200 గ్రాముల విత్తనం, ఒక రాత్రి నానబెట్టి చల్లండి. 45 రోజులు దాటి పూత కనిపించే వేళకు కోసేయాలి. ఆలస్యమైతే కాండం నార కట్టి తొందరగా మాగదు. కోసిన రొట్టను చిన్న ముక్కలు చేసి పైమట్టిలో కలపండి. వేళ్లు మాత్రం పీకకండి. రెండు వారాలు ఆగి బెండ, టమాటా, ఆనప ఏదైనా పెట్టుకోవచ్చు.

దీని ఖరీదు డబ్బు కాదు, రెండు నెలల కాలం. పెరట్లో కూర ఆగిపోతుందని చాలామంది వెనకాడతారు. సగం జాగాలో ఈ ఏడు, మిగతా సగంలో పైఏడు వేస్తే ఆ టెన్షన్ ఉండదు. రొట్ట బరువు గెత్తంతో పోలిస్తే తక్కువే కాబట్టి, జీలుగ తర్వాత నాటే మడికి ఒక అంగుళం గెత్తం ఇవ్వాలి. ఈ రెండూ కలిసిన పెరడు రెండు మూడేళ్లలో మారుతుంది.

జిప్సం గురించి కూడా అడుగుతుంటారు. అది సోడియం ఎక్కువున్న చౌడు బంకకే మందు. ఎండిన మట్టిబెడ్డను గ్లాసెడు వాననీళ్లలో కదపకుండా వేసి మర్నాడు చూడండి. బెడ్డ చుట్టూ పాలలా తెల్లబడితే జిప్సం పనికొస్తుంది. నీళ్లు తేటగా ఉంటే డబ్బు దండగ. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) కుండీలకు బాగుంటుంది, పెరడంతా పరచాలంటే ఖర్చు. ట్రాక్టరుతో ఎర్రమట్టి పోయిస్తే పైపొర మారుతుందే తప్ప అడుగు అలాగే ఉంటుంది.

ఏది వేసినా మడి నేలకన్నా అర అడుగు ఎత్తులో ఉండాలి. తడి మట్టిని తవ్వకూడదు. పిడికిట్లో నొక్కిన ముద్ద వేలితో పొడిస్తే పొడిపొడిగా విడిపోవాలి. విడిపోకుండా సాగితే ఆ రోజు పార పక్కన పెట్టేయండి. అలాంటప్పుడు తవ్విన మట్టి ఎండి ఇటుకబెడ్డలవుతుంది, ఆ ఏడు వేసిన గెత్తమంతా వృథా. నీడ పడే పెరడైతే జీలుగ ఏపుగా ఎదగదు. అక్కడ మాత్రం నేరుగా గెత్తంతోనే మొదలుపెట్టండి. రైతుబజారులో మిగిలిన కూర ఆకులు తెచ్చి కంపోస్టు చేసుకుంటే బస్తాల ఖర్చు కొంత తగ్గుతుంది.