పాత పెళ్ళి డీవీడీలకి హ్యాండ్‌బ్రేక్ వాడి చూశా

అక్క పెళ్ళి 2006లో అయింది, వీడియో మొత్తం 3 డీవీడీల్లో ఉంది, ఊళ్ళో టీవీకి పెన్‌డ్రైవ్‌లో వేసి పెడితే ఆ వీఓబీ ఫైల్స్ (డీవీడీలో వీడియో ఉండే ఫైల్స్) అసలు కనపడట్లేదని అమ్మ గోల. నేనేమో బెంగళూరులో. సరే అని ఎస్పీ రోడ్‌లో ఒక షాప్‌కి పట్టుకెళ్ళా. టీవీలో ఆడేలా మార్చడానికి డిస్క్‌కి 400 అన్నాడు, పైగా "అన్నా, పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉంటే కొత్త సినిమాలు కూడా వేసిస్తా, ఫ్రీ" అని బేరం. 2023లో చట్టం మార్చారు కదా, థియేటర్లో రికార్డ్ చేసినోడికి కనీసం 3 నెలల జైలు, 3 లక్షల ఫైన్, అలాంటి సరుకు అమ్మ పెన్‌డ్రైవ్‌లో ఎందుకు చెప్పండి, వద్దని వచ్చేశా.

ఇంటికొచ్చి హ్యాండ్‌బ్రేక్ వేసుకున్నా, వీడియోని ఒక రకం ఫైల్ నుంచి ఇంకో రకానికి మార్చే సాఫ్ట్‌వేర్ ఇది. పైసా ఖర్చు లేదు, ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ దేన్లోనైనా నడుస్తుంది. కాకపోతే డౌన్‌లోడ్ మాత్రం హ్యాండ్‌బ్రేక్ డాట్ ఎఫ్ఆర్ నుంచే చేయండి, 2017 మేలో వాళ్ళ మిర్రర్ సర్వర్‌లోనే (అవే ఫైల్స్ కాపీ పెట్టే రెండో సర్వర్) ఎవడో దూరి మ్యాక్ ఫైల్‌కి ప్రోటాన్ అనే వైరస్ అంటించాడు, సొంత సర్వర్‌కే ఆ గతి పడితే ఇక క్రాక్ చేసిన కన్వర్టర్లలో ఏముంటుందో మీరే ఊహించుకోండి.

వీఓబీలు ఒక్కోటి తెరవకండి, నేను అలాగే చేసి సాయంత్రం మొత్తం తగలేశా. వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తం ఇస్తే ముక్కలన్నీ అదే కలుపుకుంటుంది. ప్రీసెట్ (ముందే సిద్ధం చేసిన సెట్టింగ్) ఫాస్ట్ 576పీ 25 చాలు, మన డీవీడీలు పాల్ అనే టీవీ పద్ధతివి, బొమ్మ సైజ్ 720 బై 576 మాత్రమే, 1080 పెడితే క్లారిటీ ఎక్కడ్నుంచి వస్తుంది? ఫిల్టర్స్‌లో డీఇంటర్లేస్ (గీత విడిచి గీతగా తీసిన బొమ్మని సరిచేసేది) ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసుకోండి, లేకపోతే అక్క తల తిప్పినప్పుడల్లా దువ్వెన పళ్ళలా గీతలొస్తాయి. వీడియోని కుదించే పద్ధతి పాత టీవీ అయితే హెచ్ 264 పెట్టండి, దాని తర్వాత వచ్చిన హెచ్ 265కి సైజ్ తగ్గుతుంది గానీ నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ హెలికాప్టర్ అయిపోయింది. 4 జీబీ డిస్క్ 1.3 జీబీకి దిగింది, తేడా నా కంటికైతే తెలీలేదు.

కాపీ ప్రొటెక్షన్ ఉన్న సినిమా డిస్కుల లాక్ మాత్రం ఇది తీయదు, ఇంట్లో తీయించుకున్న వీడియోలకి ఆ లాక్ ఉండదు కాబట్టి మనకి ఇబ్బంది లేదు.

అమ్మ టీవీలో మొత్తం చూసి ఫోన్ చేసింది, "ఆ వీడియో అబ్బాయి మామిడి తోరణాలే పది నిమిషాలు తీశాడురా, అది తీసెయ్" అని. మొదలు, చివర కత్తిరించడం ఇందులో వచ్చు గానీ మధ్యలో ముక్క తీయడం రాదు, దానికి వేరే ఎడిటర్ చూడాలి.