"పది రోజుల్లో మెరిసే కోటు" అనే సాల్మన్ ఆయిల్ కొనేముందు ఇది చదవండి

కుక్కకి ఫిష్ ఆయిల్ ఆర్డర్ పెట్టబోతున్నవాళ్ళు రెండు నిమిషాలు ఆగండి. నేను మోసపోయాను, మా కుక్క బ్రూనో ఇబ్బంది పడ్డాడు.

రెండు నెలలుగా వాడి కోటు, అంటే ఒంటి మీది వెంట్రుకలు, నడుం దగ్గర పేలవంగా, గరుకుగా తయారయ్యాయి. చేత్తో నిమిరితే తెల్లటి పొట్టు రాలేది, పైగా ఒకటే గోకుడు. ఆన్‌లైన్‌లో వెతికితే ఈ సాల్మన్ ఆయిల్ కనిపించింది. రివ్యూలు బాగున్నాయి కదా అని ఇంకేం చూడకుండా కొనేశాను.

మూత తీయగానే వచ్చింది చేప వాసన కాదు, పదిసార్లు కాచిన నూనెలాంటి కనరు వాసన. పంపు చుట్టూ నూనె జిగురులా గడ్డకట్టి ఉంది. ఫిష్ ఆయిల్ అంటే ఇంతేనేమో అనుకుని తిండిలో కలిపాను. తిండి అంటే పడిచచ్చే బ్రూనో గిన్నె దగ్గరికొచ్చి, ఒక్కసారి వాసన చూసి, నా మొహంలోకి చూసి వెనక్కి వెళ్ళి పడుకున్నాడు. అప్పుడే నాకు అర్థం కావాల్సింది. ఆకలికి తట్టుకోలేక సాయంత్రం తిన్నాడు. సీసా మీద రాసిన మోతాదే ఇచ్చాను, మూడో రోజు రాత్రికి విరేచనాలు, రెండుసార్లు వాంతి. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

డాక్టర్ గారు సీసా తిప్పి వెనక చిన్న అక్షరాలు నాతోనే చదివించారు. మొదట వెజిటబుల్ ఆయిల్, ఆ తర్వాతే సాల్మన్ ఆయిల్. ఏది ఎక్కువుంటే అది ముందు రాస్తారట. చర్మానికి నిజంగా పనికొచ్చేవి చేప నూనెలో ఉండే ఇపిఎ, డిహెచ్ఎ అనే ఒమేగా-3 కొవ్వులు. అవి ఎన్ని మిల్లీగ్రాములున్నాయో సీసా మీద ఎక్కడా లేదు. వెజిటబుల్ ఆయిల్‌లో ఉండే ఒమేగా-6 అనే ఇంకో రకం కొవ్వు చెడ్డదేం కాదు, అందులోని లినోలెయిక్ ఆమ్లం తగ్గినా కోటు పొడిబారుతుంది, కానీ అన్ని పోషకాలూ కలిపి తయారుచేసిన కంప్లీట్ డాగ్ ఫుడ్ తినే కుక్కకి అది మామూలుగా తిండిలోనే సరిపడా దొరుకుతుంది. నేను డబ్బు పెట్టింది దానికోసం కాదు.

ఇంకో విషయం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. డాక్టర్ గారు బ్రూనో తోక మొదట్లో దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడి టిష్యూ మీద వేసి నొక్కారు. చుట్టూ తుప్పు రంగు మరకలు పడ్డాయి. ఫ్లీస్, అంటే కుక్క ఒంటి మీద రక్తం తాగే చిన్న పురుగుల రెట్టలు అవి, వాడి రక్తమే. అంటే గోకుడికి అసలు కారణం వేరే, ఏ నూనె పోసినా తగ్గేది కాదు. దయచేసి ముందు పురుగులు, అలర్జీ, థైరాయిడ్ లాంటివి ఉన్నాయేమో చూపించుకోండి, నూనె సంగతి ఆ తర్వాత.

కొనాలనుకుంటే ఇపిఎ, డిహెచ్ఎ అంకెలు విడిగా రాసి ఉన్నదే కొనండి. "1000 మి.గ్రా. ఫిష్ ఆయిల్" అని ఉన్నా చాలా క్యాప్సూళ్ళలో ఆ రెండూ కలిపి 300 మి.గ్రా. దగ్గరే ఉంటాయి. వెలుతురు, గాలి, వేడి తగిలితే ఈ నూనె త్వరగా పాడవుతుంది, కాబట్టి ముదురు రంగు సీసా చూసుకోండి, తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టండి, కనరు వాసన వస్తే పారబోయండి. కాడ్ లివర్ ఆయిల్‌ని దీని బదులు వాడొద్దు, అందులో విటమిన్ ఎ, డి ఎక్కువ, అవి ఒంట్లో పేరుకుపోతాయి. అవిసె నూనె కూడా దీనికి సాటి రాదు, అందులోని ఒమేగా-3ని కుక్క ఒళ్ళు ఇపిఎ, డిహెచ్ఎగా మార్చుకునేది చాలా తక్కువ. మనుషులు తాగే తీపి ఫ్లేవర్ల ఫిష్ ఆయిల్ అయితే అస్సలు వద్దు, అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కుక్క ప్రాణానికే ముప్పు. పాంక్రియాటైటిస్ (క్లోమ గ్రంథి వాపు) వచ్చి తగ్గిన కుక్కలకి డాక్టర్‌ని అడగకుండా ఏ నూనె చుక్కా పోయకండి.

ఆ పది రోజుల మాట కూడా నమ్మకండి. కుక్క చర్మం పై పొర పూర్తిగా మారడానికే దాదాపు మూడు వారాలు పడుతుంది. మంచి నూనె ఇచ్చినా తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి పన్నెండు.

అమ్మినవాళ్ళకి ఫోటోలతో సహా రాస్తే, తెరిచిన సీసా వెనక్కి తీసుకోం అని ఒక్క ముక్కలో చెప్పేశారు. బ్రూనో ఇప్పుడు బాగానే తింటున్నాడు, ఫ్లీస్‌కి మందు వేశాక గోకుడు చాలావరకు తగ్గింది. ఆ సీసా మాత్రం ఇంకా అమ్ముతూనే ఉన్నారు. లోపలి నూనె బయటికి కనిపించే ప్లాస్టిక్ సీసా, పంపు మూత, ముందు పెద్ద అక్షరాల్లో "పది రోజుల్లో". కనిపిస్తే కొనకండి.