ఆల్ప్స్ కనుమలు: సైకిలా, కాలినడకా?

జ్యూరిక్‌లోనో మ్యూనిక్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ కొత్తగా సైకిల్ కొన్న మనవాళ్లు వేసవి రాగానే అడిగే ప్రశ్న ఒకటే: "ఆల్ప్స్‌లో జనం లేని ప్రశాంతమైన పాస్ (కనుమ) ఏదైనా చూడాలి. తొక్కుకుంటూ వెళ్లమంటారా, నడవమంటారా?" ఆ వెంటనే గేర్ల గురించో బూట్ల గురించో అడుగుతారు. ఎక్కడికి వెళ్లాలన్నది మాత్రం అప్పటికే నిర్ణయమైపోయి ఉంటుంది. స్విట్జర్లాండ్‌లోని ఫుర్కా, సుస్టెన్, ఇటలీలోని స్టెల్వియో... అన్నీ ఫొటోల్లో చూసినవే.

ఫొటోలో మోత వినపడదు కదా. జులై శనివారం నాడు సుస్టెన్ ఎక్కి చూడండి. సుస్టెన్, గ్రిమ్సెల్, ఫుర్కా మూడింటినీ ఒక్క రోజులో చుట్టి వచ్చే దారి యూరప్ మోటార్‌సైకిల్ వాళ్లందరికీ ఇష్టమైనది. గుంపులు గుంపులుగా వస్తారు. తొమ్మిది శాతం వాలులో మామూలు మనిషి సైకిల్ గంటకు ఆరేడు కిలోమీటర్లకు మించి పోదు. అంటే రెండు మూడు గంటలపాటు ఆ మోత మన చెవి పక్కనే ఉంటుంది. గేర్లు ఎన్ని ఉన్నా దీనికి మందు లేదు. నడిచేవాళ్లూ పూర్తిగా తప్పించుకోలేరు. ఇరుకు లోయ అయితే కింది రోడ్డు మీది ఇంజిన్ చప్పుడు పై కాలిబాట దాకా ఎగదన్నుకొస్తుంది.

కాబట్టి నా లెక్కలో తేల్చే విషయం ఒక్కటే: ఆ కనుమను బళ్లు వదిలేశాయా, లేదా? వదిలేస్తే ఎందుకు వదిలేశాయో కూడా చూడాలి. స్విట్జర్లాండ్‌లోనే ఉన్న గొట్టార్డ్ కనుమ చూడండి. 1882లో కొండ కింద రైలు సొరంగం వచ్చింది, 1980లో రోడ్డు సొరంగం వచ్చింది, పైన కనుమకు వెడల్పాటి కొత్త రోడ్డూ పడింది. దాంతో ఐరోలో వైపు నుంచి ఎక్కే పాత ట్రెమోలా దారికి పెద్దగా పని లేకుండా పోయింది. రాళ్లు పరిచిన ఆ 24 మలుపులు ఇప్పుడు ఎక్కువగా సైకిళ్లకే దక్కుతున్నాయి. కార్లు అసలు రావని కాదు, తొందరున్నవాళ్లు రారు. ఆ రాళ్ల మీద చేతులు అదురుతాయి, సన్న టైర్లతో వెళ్తే మరీను.

సైకిల్ పక్షాన నేను గట్టిగా వాదించగల చోటు గ్రోసె షైడెగ్. మైరింగెన్‌ నుంచి గ్రిండెల్‌వాల్డ్‌కు దారి, ఎత్తు 1,962 మీటర్లు. సుస్టెన్‌కూ గ్రిమ్సెల్‌కూ కూడా మైరింగెన్ నుంచే వెళ్తారు, కానీ ఈ పక్కకు తిరిగితే లోకమే వేరు. కార్లు ష్వార్జ్‌వాల్డాల్ప్ దాకానే. అక్కణ్నుంచి అవతలి గ్రిండెల్‌వాల్డ్ వైపు దిగేదాకా పసుపుపచ్చ పోస్ట్‌బస్సు (స్విస్ తపాలా శాఖ నడిపే బస్సు) తప్ప బయటి బండి కనపడదు. సుమారు 600 మీటర్ల ఎత్తులో మొదలుపెడతాం కాబట్టి దాదాపు 1,370 మీటర్లు ఎక్కాలి. మొదట్లో నిటారుగా ఉండి ఊపిరి తీసేస్తుంది. రోజెన్‌లౌయి చుట్టుపక్కల కాస్త తెరిపి ఇస్తుంది. ఆపైన చివరి మూడో వంతులో వెట్టర్‌హార్న్ శిఖరం రాతిగోడ నెత్తిమీదికి వచ్చినట్టు ఉంటుంది. ఆ ఎక్కుడులో ఆవుల గంటలూ మన రొప్పూ తప్ప ఇంకేమీ వినపడవు. మలుపు అవతల మూడు స్వరాల హారన్ మోగితే సైకిల్ పక్కకు తీసి నిలబడాలి. రోడ్డు సన్నం, బస్సుకే మొదటి హక్కు.

ఇదే కనుమకు కాలిబాటా ఉంది. అలిపిరి మెట్లదారి ఘాట్ రోడ్డును కలిసినట్టే ఇది కూడా బస్సుదారిని అక్కడక్కడా దాటుతూ పోతుంది. రోడ్డు వంకర్లు తిరిగినచోట నిటారుగా కోసుకుపోతుంది. ఊరి నుంచి ఊరికి నడిస్తే రోజంతా పడుతుంది. ఇక్కడ మాత్రం నా ఓటు సైకిల్‌కే. అంత మంచి రోడ్డును కార్లకు మూసి మనకు వదిలినప్పుడు పక్కన నడవడం దేనికి?

అయితే ఇలాంటి రోడ్లు ఆల్ప్స్ మొత్తంలో చాలా తక్కువ. సైకిల్ వాదం బలహీనపడేది ఇక్కడే. కాలిబాట కనుమలకు కొదవ లేదు. చక్రాల రోడ్డు పడకపోవడం వల్లో, పక్క కనుమకు పడడం వల్లో మిగిలిపోయినవి లోయ లోయకూ ఉన్నాయి. వాటిలో నాకు బాగా నచ్చింది సెప్టిమర్, 2,310 మీటర్లు. రోమన్ సైన్యం విడిది చేసిన ఆనవాళ్లు కనుమ మీదే దొరికాయి. మధ్యయుగాల్లో ఉత్తరానికీ ఇటలీకీ మధ్య సరుకు మోసే కంచరగాడిదలు ఇటే నడిచాయి, 1387 నాటికే రాళ్లు పరిచి బాగుచేయించారు. తర్వాత 19వ శతాబ్దంలో బళ్ల రోడ్డు వేసేటప్పుడు పక్కనున్న యూలియర్‌ను ఎంచుకున్నారు. అంతే, సెప్టిమర్ పని అయిపోయింది. ఈ రోజు యూలియర్ మీద చలికాలంలోనూ బళ్లు తిరుగుతాయి. సెప్టిమర్ మీద మీరూ, వాగూ, అదృష్టం బాగుంటే ఒకటో రెండో మార్మట్‌లూ (బొరియల్లో ఉండే కొండ ఉడతలు).

బివియోలో పోస్ట్‌బస్సు దిగి నడక మొదలుపెడితే ఎక్కాల్సింది 540 మీటర్లే. అవతల కసాచ్చాకు దిగుడు మాత్రం 850 మీటర్లు. అంతా కలిపి నాలుగైదు గంటలు. పాత రాతిబాట ముక్కలు కాళ్ల కింద అక్కడక్కడా తగులుతూనే ఉంటాయి. కసాచ్చాలో మళ్లీ బస్సు ఎక్కి మలోయా మీదుగా సెంట్ మోరిట్జ్ చేరుకోవచ్చు. నడకకున్న అసలు లాభం ఇదే. మొదలుపెట్టిన చోటికి తిరిగి రావాల్సిన పని లేదు, వెనక సామాను లేదు. సైకిల్‌తో బస్సెక్కాలంటే చోటు ముందే బుక్ చేసుకోవాల్సి రావచ్చు, చాలా రూట్లలో ఉన్నవే కొద్ది చోట్లు.

దారి తప్పుతామేమోనన్న బెంగ స్విట్జర్లాండ్‌లో అక్కర్లేదు. పసుపు పలకల మీద కిలోమీటర్లు ఉండవు, గంటలూ నిమిషాలూ ఉంటాయి. ఆగి తినే టైమ్ అందులో లేదు, మనం కలుపుకోవాలి. తెలుపు-ఎరుపు-తెలుపు గుర్తు ఉన్న బాట కొండబాట, గట్టి బూట్లు ఉండాలి. తెలుపు-నీలం-తెలుపు కనపడితే అలవాటు లేనివాళ్లు వెనక్కి తిరగడమే మంచిది.

దిగడం గురించి ఎవరూ అడగరు గానీ రెండు పక్షాలకూ అదే పరీక్ష. నడిచేవాళ్లకు మోకాళ్లు పోతాయి, కర్రలు తీసుకెళ్లండి. సైకిల్ వాళ్లకు చలి. చెమటతో తడిసిన బనీనుతో రెండు వేల మీటర్ల నుంచి గాలికి ఎదురుగా దిగితే చేతులు కొంకర్లు పోయి బ్రేక్ నొక్కడం కష్టమవుతుంది. పలచటి విండ్ జాకెట్, గ్లౌజులు ఆగస్టులోనూ ఉండాల్సిందే. పైగా దిగేటప్పుడు కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. ఎక్కేటప్పుడు చూసిందే చూసినట్టు.

తారీఖు చూసుకుని వెళ్లే దారీ ఒకటుంది. ప్రాగెల్‌ కనుమలో ఒక భాగాన్ని శని, ఆదివారాల్లో మోటారు బళ్లకు మూస్తారు. స్టెల్వియోను ఎండాకాలం చివర్లో ఒక రోజు సైకిళ్లకే ఇచ్చేస్తారు. ప్రాగెల్ బాగుంటుంది, కాకపోతే ముయోటటాల్ వైపు చాలా నిటారు. స్టెల్వియో రోజున మోటార్లు ఉండవు గానీ వేల సైకిళ్లు ఉంటాయి. అది జాతర, ప్రశాంతత కాదు.

ఇ-బైక్ సంగతా? ఎక్కుడుకు భయపడేవాళ్లకు భేషైనది, గ్రోసె షైడెగ్‌కు అద్దెకు తీసుకోండి. మౌంటెన్ బైక్‌తో సెప్టిమర్ దాటేవాళ్లూ ఉన్నారు, అది వేరే విద్య.

ఇంతకీ ఏది మేలంటే, కార్లకు మూసిన రోడ్డు దొరికితే సైకిల్, లేకపోతే నడక. ఆచరణలో పదిలో ఎనిమిదిసార్లు నడకే అవుతుంది, నాకు దానిమీద ఫిర్యాదు లేదు. సెలవులకని మే నెలలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, వాళ్లతో వెళ్తాం అంటే మాత్రం ఈ రెండూ కుదరవు. ఎత్తైన కనుమల మీద మంచు అప్పటికి కరగదు, ఉత్తరం వైపు వాలుల్లో జులై మొదట్లోనూ మిగిలి ఉంటుంది. జులై మధ్య నుంచి సెప్టెంబరు దాకా, వారం మధ్యలో, పొద్దున్నే బయలుదేరండి. మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన పట్టుకుంటుంది. ఆఖరి బస్సు ఎన్నింటికో ఎక్కేముందే చూసుకోండి, కొన్ని కనుమల్లో అది సాయంత్రం ఐదు లోపే వెళ్లిపోతుంది.