రాధికాసాంత్వనం కొంటున్నారా? అవతారిక ఉందో లేదో చూసుకోండి

ముద్దుపళని రాసిన శృంగార కావ్యం ‘రాధికాసాంత్వనం’ ఏ ప్రతి చేతికొచ్చినా కథలోకి వెళ్ళకుండా ముందు అవతారిక, అంటే కావ్యం మొదట్లో వచ్చే పరిచయ పద్యాలు, తిరగేయండి. కవయిత్రి తన గురించి తాను చెప్పుకున్న పద్యాలు ఉన్నాయా, ఆమె అవ్వ తంజనాయకి పేరు కనిపిస్తోందా? లేకపోతే ఎంత చవకగా వచ్చినా ఆ ప్రతి తీసుకోవద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. తంజావూరు ప్రతాపసింహుడి (1739–63) ఆస్థానంలో పుట్టిన ఈ కావ్యాన్ని 1887లో, మళ్ళీ 1907లో పైడిపాటి వెంకటనరసు అచ్చు వేయించారు. పచ్చిగా ఉన్నాయనిపించిన పద్యాలు తీసేశారు. వాటితోపాటు అవతారికా పోయింది. శృంగార పద్యాలు ఎందుకు తీశారో ఊహించవచ్చు. ఒక మనిషి తన పేరూ, తన వాళ్ళ పేర్లూ చెప్పుకున్న పద్యాలు ఎవరికి అడ్డమొచ్చాయి? గాయని బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతిని అచ్చుప్రతితో పక్కపక్కన పెట్టి చూసి ఈ లోటు పట్టుకున్నారు. 1910లో ప్రచురణకర్తలు వావిళ్ళ వారి ద్వారా పూర్తి పాఠం తెచ్చారు. ఆ మరుసటి ఏడే ప్రభుత్వం ఆ ప్రతుల్ని స్వాధీనం చేసుకుంది, పుస్తకం నిషేధంలో పడింది. ప్రకాశం పంతులు హయాంలో నిషేధం తొలగాక 1952లో వావిళ్ళ వారే మళ్ళీ వేశారు. కాబట్టి మీ ప్రతి నాగరత్నమ్మ పాఠం నుంచి వచ్చిందా, వెంకటనరసు పాఠం నుంచి వచ్చిందా అన్నది చూసుకోవాలి. ఆమె పీఠిక కూడా ఉంటే ఇంకా మంచిది. ముద్దుపళనిని దూషించిన వీరేశలింగం గారిని ఆమె అందులో సూటిగా నిలదీశారు: సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా అని.

ఇక ఆ అవతారిక రుచి. మన కావ్యాల్లో కవి వంశం చెప్పుకోవడం మామూలే. మొల్ల కూడా చెప్పుకుంది, ఆతుకూరి కేసయ కూతుర్ని, ‘మొల్ల యనఁగ వరలినదానన్’ అని. ఆ తర్వాత సీసంలో దేశీయపదాలు రావు, సంధులు రావు అని వరసపెట్టి, చివరికి తన కవిత్వాన్ని శ్రీకంఠ మల్లేశుడి వరమంటుంది. ముద్దుపళని అట్లా తగ్గదు. తంజనాయకి మనుమరాలినని ఆడవాళ్ళ వరస చెప్పుకుంటుంది. పండితులకు ధనమిచ్చి సత్కరించిన స్త్రీ నాలాగా ఇంకెవరున్నారు, కావ్యాలు అంకితం పుచ్చుకున్న స్త్రీ ఎవరున్నారు అని అడుగుతుంది. ఈ రెండు అవతారికలూ ఒకే రోజు పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే సంప్రదాయంలో ఇద్దరు ‘నేను’ అనే తీరు ఎంత వేరో అప్పుడు తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. ఇళ అనే అమ్మాయిని తానే పెంచి కృష్ణుడికి పెళ్ళి చేసి, తర్వాత ఆ బాధ తానే మోసిన రాధ మాటల్ని కవయిత్రి జీవితంగా చదవాలనిపిస్తుంది. చదవొద్దు. ఆమె తన నోటితో ‘నేను’ అన్నది అవతారికలో. కథలో మాట్లాడేది రాధ.

నాలుగు ఆశ్వాసాలు, 584 పద్యాలు. రోజుకు పది చదివితే రెండు నెలల్లో అయిపోతుంది. ప్రతి సరైనదా అనుమానమొస్తే ఛందస్సుతోనే పరీక్షించవచ్చు. కందానికీ వృత్తాలకీ నాలుగు పాదాల్లో రెండో అక్షరం ప్రాస కలవాలి, అంటే అదే హల్లు రావాలి. ఒక పాదంలో కలవకపోతే చాలాసార్లు తప్పు కవిది కాదు, అచ్చుది. ఉత్పలమాలకు పదో అక్షరం దగ్గర, చంపకమాలకు పదకొండో అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, చూడండి. సీసం కింద గీతపద్యం లేకపోతే ఏదో ఎగిరిపోయిందని అర్థం. స్కాన్ చేసి టైపు చేసిన ప్రతుల్లో అరసున్న, బండి ఱ మాయమవుతుంటాయి. బండి ఱ ఉండాల్సిన చోట మామూలు ర పడితే ప్రాస చెడుతుంది, పదం కూడా మారిపోవచ్చు.

టీక లేని ప్రతి కొంటే పక్కన ‘శబ్దరత్నాకరం’ నిఘంటువు ఉంచుకోండి. చాలామంది మొదటి ఇరవై పద్యాల్లో ఆగిపోయేది మాటలు కఠినమై కాదు, సంధి విడదీయకుండా కంటితో చదవడం వల్ల. గొంతెత్తి, యతి దగ్గర ఆగకుండా, అర్థం ఎక్కడ తెగితే అక్కడ ఆగుతూ చదివితే సగం చిక్కు విడిపోతుంది.

శృంగారం నేరుగా ఉంటుంది, ముసుగు లేదు. అది ఇబ్బంది అనుకునేవాళ్ళకి ఈ పుస్తకం సరిపడదు. తెలుగు చదవలేని పిల్లలకు ఇవ్వాలంటే, వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక సంధ్యా మూల్చందాని ఇంగ్లీషు అనువాదం (పెంగ్విన్, 2011) ఇవ్వండి. కథ అందుతుంది. కందం నడక మాత్రం మీరే చదివి వినిపించాలి.